కేంద్రం లేని సంఘానికి అధ్యక్షుడు

పేరి భాస్కరం గారు టెలిఫోన్ల శాఖలో చేరిన రోజుల్లో ఫోను మాట్లాడాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. ఇంట్లో రిసీవరు ఎత్తితే ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు పలికేవాడు. ఎవరు కావాలో చెబితే వాళ్ళ నంబరున్న కన్నంలో తీగ గుచ్చేవాడు. అప్పుడు గాని ఇద్దరూ మాట్లాడుకోవడానికి లేదు. గోదావరికి అవతలి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఆ తీగ గుచ్చే మనిషి భాస్కరం గారు. ఆ ఊళ్ళో ఎవరి సంబంధం తప్పిపోయినా, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళినా, ఏ రైసుమిల్లు ఆసామి ఏ ధరకి ఒప్పుకున్నా ముందు ఆయనకే తెలిసేది. తెలిసినవి ఆయన అందరికీ చెప్పేవారు కాదు. అవసరమున్నవాళ్ళకే చెప్పేవారు. అవసరం ఎవరికుందో ఆయనే నిర్ణయించేవారు.

తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజి వచ్చింది. బీరువా అంత పెట్టె ఒకటి తెచ్చి, దానికి ఏసీ గది కట్టించి, చెప్పులు బయట విప్పి రమ్మన్నారు. జనం వాళ్ళంతట వాళ్ళే నంబర్లు నొక్కుకుని మాట్లాడేసుకోవడం మొదలుపెట్టారు. భాస్కరం గారిని రాజమండ్రిలో ఫిర్యాదుల సెక్షనుకి వేశారు. అక్కడ "మా ఫోను పలకట్లేదండీ" అనేవాళ్ళే తప్ప ఇంకో కబురు చెప్పేవాళ్ళు లేరు. ఆ దిగులుతోనే ఆయన రిటైరయ్యారు. ఆ రోజు శాలువా కప్పిన ఆఫీసరు గారు ఆయన పేరు భాస్కరరావు అని చదివారు. ఇంటికొచ్చి ఆ సంగతి భార్య సీతారామలక్ష్మి గారితో చెప్పుకుని చాలా బాధపడ్డారు.

"పోనిద్దురూ," అన్నారావిడ. "పెన్షను కాగితాల్లో సరిగ్గానే ఉందిగా."

ఆయన మనసు మళ్ళించడానికి కంప్యూటరు నేర్చుకోమన్నది కూడా ఆవిడే. అప్పటికి ఇన్నీసుపేటలో వాళ్ళుండే వీధిలో ఇంటికొక ఇంజనీరింగు విద్యార్థి, ఆ విద్యార్థి పేరు చెప్పి కొన్న కంప్యూటరు ఒకటి ఉండేవి. మెయిన్ రోడ్డు మీద శశిభూషణ్ అనే ఆయన కంప్యూటరు శిక్షణ సంస్థ నడిపేవాడు. అందులో విశ్రాంత ఉద్యోగులకు ప్రత్యేక బ్యాచ్ పెట్టారు. పాఠం చెప్పే అమ్మాయి శ్రీసుధ, భాస్కరం గారికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. ఓపికైన పిల్ల. మౌసుని బల్ల మీంచి గాల్లోకి ఎత్తేసే పెద్దమనుషుల్ని కూడా ఒక్క మాట అనేది కాదు.

ఆ అమ్మాయే ఒకరోజు పాఠంలో, ఒకరి కంప్యూటర్లో ఉన్న పాటలూ, ప్రశ్నపత్రాలూ, ఫోటోలూ ఇంకొకరు నేరుగా తీసుకోవచ్చని చెప్పింది.

"దీన్ని పీర్ టు పీర్ అంటారండి. పీర్ అంటే సాటివాడు. మధ్యలో పెద్ద కంప్యూటరు ఒకటి కూర్చుని అందరికీ పంచిపెట్టక్కర్లేదు. మీ దగ్గరున్నది నేను తీసుకుంటాను, నా దగ్గరున్నది మీరు తీసుకుంటారు. అందరూ సమానమే."

"మరి కలిపేదెవరమ్మా?" అన్నారు భాస్కరం గారు.

"ఎవరూ కలపక్కర్లేదండి."

భాస్కరం గారు ఆ మాటకి ఎంతో కదిలిపోయారు. ఎవరూ కలపక్కర్లేని దాన్ని మన వీధిలో ఎవరో ఒకరు కలపాలి కదా అనుకున్నారు. ఆ ఎవరో ఒకరు తానే అని ఇల్లు చేరేలోపే తేలిపోయింది.

వారం తిరక్కుండా డాబాల మీంచి డాబాల మీదికి నీలం రంగు తీగలు పాకాయి. ఆ తీగలన్నీ వచ్చి చేరే స్విచ్ పెట్టె భాస్కరం గారి వసారాలో, ఆయన కరెంటు మీద నడిచేలా పెట్టారు. ఎవరి దగ్గర ఏముందో చెప్పే జాబితా ఆయన కంప్యూటర్లో ఉండేలా ఏర్పాటైంది. ఎవరికైనా ఒక పాట కావాలంటే ఆ ప్రశ్న ముందు ఆయన కంప్యూటరుకి వచ్చేది. "అది ఫలానా వాళ్ళింట్లో ఉంది" అని ఆయన కంప్యూటరు చెప్పేది. అప్పుడు ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి పాట వెళ్ళేది. వసారా గేటుకి భాస్కరం గారు ఒక బోర్డు కట్టారు. "సాటివారి నెట్‌వర్కు. దీనికి కేంద్రం లేదు. వివరములకు లోపల సంప్రదించండి."

లోపల సంప్రదించేవాళ్ళకి లోటు లేకపోయింది. భాస్కరం గారి పూజ అయ్యాక గాని నెట్‌వర్కు మొదలయ్యేది కాదు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తే వీధంతా ఆగిపోయేది. ఆయన కూరగాయలకి వెళుతూ మెయిన్ కట్టేస్తే, సగం దిగిన పాట సగంలోనే ఉండిపోయేది. జనం గేటు దగ్గర నిలబడి "బాబాయి గారు లేచారాండీ?" అని అడిగేవారు. భాస్కరం గారు కండువా సర్దుకుంటూ బయటికొచ్చి, "మనలో పెద్దా చిన్నా లేదర్రా. అందరూ సాటివాళ్ళే. ఉండండి, ఆన్ చేస్తాను," అనేవారు.

కొన్ని నియమాలు కూడా పెట్టారు. ఏకాదశి నాడు డాన్సు పాటలు వద్దన్నారు. పరీక్షల రోజుల్లో సినిమాలు వద్దన్నారు. వీధి చివర ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడిపే గున్నేశ్వరరావు గారి మీద మాత్రం ఏ నియమమూ పని చేయలేదు. ఆయన అందరి దగ్గరా అన్నీ తీసుకునేవాడు. తన ఫోల్డరు మాత్రం ఎవరికీ కనపడకుండా మూసేసుకునేవాడు.

"అదేంటండీ, ఇచ్చిపుచ్చుకోవడం కదా?" అని భాస్కరం గారు అడిగితే, "ఆయ్, ఇస్తానండి. ఇవ్వడానికి ముందు నా దగ్గర నిండాలి కదండీ," అన్నాడు.

ఇంతకీ భాస్కరం గారికి అన్నిటికంటే నచ్చింది ఆ ప్రోగ్రాములో ఒక చిన్న కిటికీ. ఎవరు ఏం వెతుకుతున్నారో అందులో పేర్లతో సహా కనపడేది. ఆయన దాని ముందుకి పడక్కుర్చీ జరుపుకున్నారు.

"గున్నేశ్వరరావు పొట్ట తగ్గే వ్యాయామాలు వెతికాడోయ్," అన్నారు ఒక ఉదయం ఇడ్లీ తింటూ.

"మీకెందుకండీ అవన్నీ?" అన్నారు సీతారామలక్ష్మి గారు.

"నాకెందుకు? నా దాంట్లోంచి వెళుతుంటే కనపడింది. కళ్ళు మూసుకోమంటావా?"

ఆవిడ ఇంకో ఇడ్లీ వేసి ఊరుకున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన మొహంలో కళ వచ్చింది, అది చెడగొట్టడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

చిక్కు శ్రీసుధ దగ్గర వచ్చింది. ఆ అమ్మాయి బ్యాంకు పరీక్షలకి చదువుకుంటోంది. పాత ప్రశ్నపత్రాల కోసం వెతికింది. వాటితోపాటు, ఎందుకైనా మంచిదని, రాజీనామా లేఖ నమూనా కూడా వెతికింది. భాస్కరం గారు కిటికీలో అది చూశారు. మర్నాడు పుష్కర ఘాట్ దగ్గర వాకింగులో శశిభూషణ్ కనపడితే, అవసరమున్న మనిషే కదా అని చెప్పేశారు. మధ్యాహ్నానికల్లా శశిభూషణ్ ఆ అమ్మాయిని గదిలోకి పిలిచి, మానేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడే వెళ్ళిపొమ్మన్నాడు.

శ్రీసుధ సాయంత్రం నేరుగా భాస్కరం గారింటికే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా సార్‌తో మీరేనా అండీ చెప్పింది?"

"నీ మంచికోరే చెప్పానమ్మా. ఆయనకి హఠాత్తుగా తెలిస్తే నొచ్చుకుంటాడని..."

"నేను ఏం వెతికానో మీకెలా తెలిసిందండీ?"

"అదేంటమ్మా, అన్నీ మన దాంట్లోంచే కదా వెళ్ళేది."

"అందుకే అడుగుతున్నానండి. గేటుకి కేంద్రం లేదని బోర్డు పెట్టారు. అడిగేవాడి ప్రశ్న మీ గదిలోకి వస్తుంది. జాబితా మీ గదిలో ఉంది. తీగలన్నీ మీ వసారాలో ఉన్నాయి. మీరు పడుకుంటే అందరం పడుకోవాలి. ఇంతకన్నా కేంద్రం ఢిల్లీలో కూడా ఉండదండీ."

"పాటలు మాత్రం ఇంటి నుంచి ఇంటికే వెళుతున్నాయిగా!"

"పాటలు వెళుతున్నాయండి. మిగతా పెత్తనమంతా ఇక్కడే ఉంది."

భాస్కరం గారికి కోపం వచ్చింది. తీగలు లాగించిందెవరు, ఎండలో డాబాలెక్కిందెవరు అని ఆయన ఏకరువు పెడుతుంటే ఆ అమ్మాయి సీతారామలక్ష్మి గారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకి తణుకులో ఆయన మేనకోడలి పెళ్ళి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఇంటికి తాళం వేసి, మెయిన్ కట్టేసి వెళ్ళారు. పెళ్ళిలో కూడా ఆయన మనసు వీధిలోనే ఉంది. భోజనాల బంతిలో పక్కన కూర్చున్నాయనతో, "పాపం మా వీధివాళ్ళు ఎంత ఇబ్బంది పడుతున్నారో," అన్నారు. చివరి రోజు సత్యనారాయణ వ్రతానికి ఉండమన్నా ఉండకుండా భార్యని బస్సెక్కించేశారు.

వీధిలో దిగేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. బాబాయి గారు వచ్చారాండీ అని ఎవరూ అడగలేదు. ఎదురింటి కిటికీలోంచి కొత్త పాట వినపడుతోంది. మెయిన్ ఇంకా కట్టేసే ఉంది.

జరిగిందేమిటంటే, నెట్‌వర్కు ఆగిపోయిన మర్నాడే శ్రీసుధ ఇంకో ప్రోగ్రాము తెచ్చి అందరికీ పెట్టింది. దానికి జాబితా ఉండదు. మనకేదైనా కావాలంటే మన కంప్యూటరు పక్కింటి కంప్యూటర్ని అడుగుతుంది, తెలియకపోతే అది దాని పక్కదాన్ని అడుగుతుంది. అలా ఇంటింటికీ కబురు వెళ్ళి, ఉన్నచోటి నుంచి సరుకు వస్తుంది. తీగలు కూడా ఒకే చోటికి కాకుండా మార్చారు. ఒక స్విచ్ శ్రీసుధ వాళ్ళ మేడ మీద, ఇంకోటి వీధి మలుపులో ఉన్న నెట్ సెంటర్లో పెట్టి రెండిటినీ కలిపారు. ఒకటి పోతే సగం వీధి పోతుంది గాని వీధంతా పోదు. పాత స్విచ్ పెట్టె భాస్కరం గారి వసారాలో దీపాలారి ఉంది.

ఆయన రెండు రోజులు బయటికి రాలేదు. సీతారామలక్ష్మి గారు ఇష్టమని పనసపొట్టు కూర చేస్తే సగం వదిలేశారు. మూడో రోజు స్నానం చేసి, మంచి పంచె కట్టుకుని, వీధిలోకి వెళ్ళి కనపడినవాళ్ళందరితో ఒకటే మాట చెప్పారు.

"నా ఆశయం నెరవేరిందర్రా. కేంద్రం ఉండకూడదని మొదటినుంచీ మొత్తుకుంటున్నది నేనే కదా. ఇవాళ నన్ను నేను తొలగించుకున్నాను."

తొలగించింది ఆయన కాదని అందరికీ తెలుసు. అయినా పెద్దాయన, ఎండలో డాబాలెక్కినాయన. సరేనన్నారు. ఆయన ఆ సరేని పట్టుకుని ఒక సంఘం పెట్టాలన్నారు. "కేంద్రరహిత నెట్‌వర్కు సభ్యుల సంక్షేమ సంఘం" అని పేరు కూడా ఆలోచించుకునే వచ్చారు. గున్నేశ్వరరావు షాపు పైగదిలో సమావేశం జరిగింది. ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, సలహాదారులు, ఇలా సభ్యుల కన్నా పదవులు ఎక్కువ కావడంతో కొందరికి రెండేసి ఇచ్చారు.

"సంఘం చేసే పనేంటండీ?" అని శ్రీసుధ అడిగింది.

"పర్యవేక్షణ," అన్నారు భాస్కరం గారు.

"దేన్నండీ?"

"పర్యవేక్షించడానికి ఏమీ లేకుండా నడుస్తోందా లేదా అన్నదాన్ని."

"అధ్యక్షుడికి ఏమైనా అధికారం ఉంటుందాండీ?"

"ఒక్కటి కూడా ఉండదు."

"అయితే మీరే ఉండాలండి," అంది ఆ అమ్మాయి. చప్పట్లు కొట్టారు. పదవీ స్వీకారం నాడే వ్యవస్థాపకులకు సన్మానం కూడా చేయాలని కార్యదర్శి ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన కాగితం భాస్కరం గారి దస్తూరీలో ఉంది.

ఈసారి ఎవరూ పేరు తప్పు చదవకూడదని ఆయన గట్టిగా అనుకున్నారు. సభాధ్యక్షుడు ఏం చెప్పాలో ఆయనే రాశారు. రాసింది వినడానికి ఎలా ఉంటుందో చూద్దామని కంప్యూటరుకి మైకు పెట్టి, తలుపేసుకుని, సభాధ్యక్షుడి గొంతుతో చదివి రికార్డు చేశారు. దానికి తన జవాబు తన గొంతుతో చెప్పారు. నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేశారు.

కొత్త ప్రోగ్రాము ఆయన కంప్యూటర్లో అప్పటిదాకా లేదు. శ్రీసుధని అడగడం నామోషీ అనిపించి ఆయనే పెట్టుకున్నారు. ఏ ఫోల్డరు పంచుకుంటారని అది అడిగింది. ఉదార బుద్ధి పొంగి, మొత్తం డ్రైవంతా టిక్కు పెట్టేశారు.

శుక్రవారం ఉదయం గున్నేశ్వరరావు షాపు తెరిచి, అగరొత్తులు వెలిగించి, కొత్తగా వచ్చిన పెద్ద స్పీకర్లకి కంప్యూటరు తగిలించాడు. నెట్‌వర్కులో కొత్తగా ఏది కనపడినా పేరు చూడకుండా దింపుకోవడం ఆయన అలవాటు. శ్లోకంతో మొదలైన ఒకటి ఉంటే ప్రవచనం అనుకుని గట్టిగా పెట్టాడు. శ్లోకం అయ్యాక వీధంతా ఇది వినిపించింది.

"సభకు నమస్కారం. భాస్కరం గారి గురించి చెప్పడానికి నాకు మాటలు చాలవు. అయినా ఓ అరగంట చెబుతాను. గమనించండి, భాస్కరం. రావు కాదు. ఇక్కడ చప్పట్లు. ఇంతటి ప్రతిభావంతుడు ఇంత నిరాడంబరంగా మన మధ్య తిరుగుతుంటే మనం గుర్తించకపోవడం మన దౌర్భాగ్యం."

కూరగాయల బండి ఆగింది. మేడల మీద బట్టలారేస్తున్న ఆడవాళ్ళు పిట్టగోడల దగ్గరికి వచ్చారు. అదే గొంతు, కాస్త సన్నబడి, మళ్ళీ మొదలైంది.

"పెద్దలు నా మీద అభిమానంతో ఏవేవో అన్నారు. ఈ సన్మానానికి నేను అర్హుణ్ణి కాను. అబ్బే, ఇంత గట్టిగా అంటే నిజమనుకుంటారు. మళ్ళీ. నేను... అర్హుణ్ణో కాదో... మీరే... ఇక్కడ గొంతు పూడుకుపోవాలి."

మధ్యలో సీతారామలక్ష్మి గారి గొంతు దూరంగా, "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

"ఎవరితోనూ కాదు. సభతో."

భాస్కరం గారు పాలపాకెట్లతో వీధి మలుపు తిరుగుతూ అంతా విన్నారు. ఆయన ఇంటికి వెళ్ళలేదు. పాకెట్లు పట్టుకునే శ్రీసుధ వాళ్ళ మేడెక్కారు.

"తీసెయ్యమ్మా," అన్నారు ఆయాసపడుతూ.

"ఎక్కణ్ణుంచండీ?"

"అన్ని చోట్ల నుంచీ."

శ్రీసుధ ఆయన చేతిలోంచి పాకెట్లు తీసుకుని కుర్చీ వేసింది. "అలా తీసే చోటు ఇప్పుడు లేదండి. ఇదివరకు మీ గదిలో ఉండేది. జాబితాలోంచి కొట్టేస్తే ఎవరికీ దొరక్కుండా పోయేది. ఇప్పుడు ఎవరింట్లో కాపీ వాళ్ళది. ఇప్పటికే సగం ఇళ్ళల్లో కనపడుతోంది."

"నువ్వు పెట్టిన ప్రోగ్రామేగా. నువ్వొక మాట చెబితే..."

"నేను పెట్టాను గాని నా మాట వినదండి. మా నాన్నగారు నా బయోడేటా, జాతకంతో సహా, తెలియక అందులో పెట్టేశారు. తీయగలిగితే ముందు అదే తీసుకునేదాన్ని. ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారు. ఒకాయన నా నక్షత్రం బాగోలేదని చెప్పడానికే చేశాడు."

"మరి ఎవరితో చెప్పుకోవాలమ్మా?" అన్నారు భాస్కరం గారు.

"అందరితోనండీ. ఇంటింటికీ వెళ్ళి అడగాలి. కేంద్రం లేకపోవడం అంటే అదేనండి. మీకు అడ్డం పడేవాడూ ఉండడు, మీ తరఫున అడ్డం పడేవాడూ ఉండడు."

ఆయన ఇంటింటికీ వెళ్ళారు. తీగలు లాగినప్పుడు ఆయన డాబాలెక్కారు గాని ఇళ్ళల్లోకి వెళ్ళలేదు. అందరూ తన గేటు దగ్గరికి రావడమే గాని తాను ఒకరి గుమ్మంలో నిలబడి ఏదైనా అడగడం ఆయనకి అలవాటు లేదు. మొదటింట్లో లెక్చరరు గారు ఆయన ఎదుటే తీసేసి, కాఫీ ఇచ్చి, ఆ సంగతే ఎత్తకుండా వాన గురించి మాట్లాడారు. రెండో ఇంట్లో కుర్రవాళ్ళు తీసేశామని ఒట్టేశారు. ఆయన మెట్లు దిగుతుంటే "ఇక్కడ చప్పట్లు" అని వెనక నుంచి వినపడింది. ఇంకో ఇంట్లో, తమ దగ్గర లేదని చెప్పినాయన దాన్ని అప్పటికే సీడీలో కొవ్వూరు బావమరిదికి పంపించాడు. నెట్ సెంటరువాడు ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడికి వెళ్ళిందో తనకే తెలియదన్నాడు.

గున్నేశ్వరరావు చేతులు పట్టుకున్నాడు. "ఆయ్, ప్రవచనం అనుకున్నానండి బాబూ, మా అమ్మతోడు. కానీ నా ఫోల్డరు లోంచి ఒక్కళ్ళకి కూడా వెళ్ళలేదండి. మాది మూసేసే ఉంటుంది కదండీ." వీధి మొత్తంలో ఆ రికార్డింగు ఇంకొకరికి అందకుండా ఆపినవాడు ఆయనొక్కడే.

మలుపు దగ్గర పెంకుటింట్లో అప్పాయమ్మ గారని పెద్దావిడ ఉండేవారు. చూపు సరిగ్గా ఆనదు. మనవడి కంప్యూటరు ముందు మంచం వేసుకుని ఏవో వింటూ ఉంటారు. భాస్కరం గారు వెళ్ళేసరికి అదే వింటున్నారు.

"రా బాబూ, కూర్చో," అన్నారావిడ, ఎవరో తెలియకుండానే. "ఎవరో మహానుభావుడి గురించి చెబుతున్నారు. పొద్దుట్నుంచీ మూడోసారి వింటున్నాను. ఎంత చక్కగా చెబుతున్నాడో. మధ్యమధ్యలో చప్పట్లు కొట్టమని పాపం ఎదురు చూస్తున్నాడు, ఎవరూ కొట్టడం లేదు."

భాస్కరం గారు మంచం కోడు పట్టుకుని నిలబడ్డారు.

"ఈ భాస్కరం గారెవరు బాబూ? నీకు తెలుసా?"

"తెలియదండి," అన్నారాయన.

"తెలుసుకోవాలి. ఇలాంటి మనుషులు మన ఊళ్ళో ఉంటారంటావా?"

ఆయన తీసెయ్యమని అడగకుండానే వచ్చేశారు. ఆ తర్వాత ఇంకే ఇంటికీ వెళ్ళలేదు.

సన్మానం వద్దని కబురు పెట్టారు గాని సంఘం ఒప్పుకోలేదు. అసలు సంగతి, అప్పుడు గాని జనానికి దాని మీద నిజమైన ఉత్సాహం పుట్టలేదు. గది చాలక వీధిలోనే కుర్చీలు వేశారు. పక్క వీధుల వాళ్ళు కూడా వచ్చారు. శాలువా కప్పారు. భాస్కరం గారు మైకు ముందు నిలబడి, ఏ కాగితమూ చూడకుండా, "ఈ సన్మానానికి నేను అర్హుణ్ణి కాను," అన్నారు. ఈసారి ఆయన మనసారా అన్నారు. వీధి వీధంతా పడీపడీ నవ్వి, చప్పట్లు కొట్టి, "మళ్ళీ!" అని అరిచింది. గొంతు పూడుకుపోయి ఆయన కూర్చుంటే, ఇంకా గట్టిగా కొట్టారు. సీతారామలక్ష్మి గారు ముందు వరసలోంచి లేచి వెళ్ళి, ఆయన శాలువా మడిచి సంచిలో పెట్టి, "పదండి," అని ఇంటికి తీసుకెళ్ళారు.

దారిలో ఆవిడ ఒకటే అన్నారు. "నాతో చెబితే నేను చదివేదాన్ని కదండీ, అధ్యక్షుడి మాటలు. మీ పేరు నేను తప్పు చదువుతానా?"

ఆ రికార్డింగు మాత్రం ఆగలేదు. మరుసటి వేసవిలో కొవ్వూరులో ఒక రిటైర్డు ఇంజనీరు గారి సన్మానానికి పిలిస్తే భాస్కరం గారు వెళ్ళారు. సభాధ్యక్షుడు కళ్ళజోడు పెట్టుకుని, "వీరాస్వామి గారి గురించి చెప్పడానికి నాకు మాటలు చాలవు. అయినా ఓ అరగంట చెబుతాను," అని మొదలుపెట్టాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. "ఇక్కడ చప్పట్లు" కూడా చదివేశాడు. జనం మర్యాదగా కొట్టారు. ఎవరో విని కాగితం మీద ఎక్కించి ఉంటారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా గోదావరికి రెండు వైపులా ఎన్ని సభల్లో ఆ ఉపన్యాసం నడిచిందో లెక్క లేదు. కొన్నిచోట్ల మెరుగులు కూడా దిద్దారు. రాసిందెవరో ఎవరికీ తెలియదు. భాస్కరం గారు మొదట్లో ఉడుక్కున్నారు గాని, క్రమంగా పేపర్లో సన్మాన సభల ప్రకటనలు వెతుక్కుని వెళ్ళి వెనక వరసలో కూర్చుని వినడం అలవాటు చేసుకున్నారు. ఎవరైనా బాగా చదివితే వెళ్ళి చెయ్యి కలిపి వచ్చేవారు.

వీధి నెట్‌వర్కుని ఎవరూ మూసెయ్యలేదు. బ్రాడ్‌బ్యాండు వచ్చింది. ఇంటికొక కనెక్షను తీసుకున్నారు. పాటలూ, ఫోటోలూ, ఉత్తరాలూ అన్నీ ఎక్కడో ఏ దేశంలోనో ఉన్న కంపెనీల యంత్రాల్లో దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ యంత్రం దగ్గర కూర్చుని ఎవరు ఏం చూస్తున్నారో ఒక్కరూ అడగలేదు. ఒకప్పుడు భాస్కరం గారు కిటికీలో చూస్తున్నారని తెలిసి కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడని లెక్చరరు గారు, పాస్‌వర్డులతో సహా అన్నీ అక్కడే పెట్టుకున్నారు. నీలం తీగల మీద బట్టలారేసుకునేవారు.

శ్రీసుధకి బ్యాంకు ఉద్యోగం వచ్చి కాకినాడ వెళ్ళిపోయింది. పెళ్ళయింది, నక్షత్రం పట్టించుకోని మనిషే దొరికాడు. రెండువేల తొమ్మిది చివర్లో సెలవు మీద వచ్చి, భాస్కరం గారిని చూడ్డానికి వెళ్ళింది. ఆయన కాస్త తగ్గారు గాని మాటలో పట్టు అలాగే ఉంది. ఇంటర్నెట్‌లో తాను చదివిన ఒక వింత సంగతి ఆయనకి నచ్చుతుందని చెప్పింది. బ్యాంకు లేకుండా డబ్బు పంపుకునే ప్రోగ్రాము ఒకటి ఎవరో రాశారట. ఎవరు ఎవరికి ఇచ్చారన్న లెక్క ఒకచోట ఉండదట. చేరిన ప్రతివాడి కంప్యూటర్లోనూ మొత్తం లెక్క ఉంటుందట. ఒకడు దొంగలెక్క రాసినా మిగతావాళ్ళు ఒప్పుకోరట.

"పెట్టినాయన ఎవరమ్మా?"

"ఏదో పేరు పెట్టుకున్నాడు గాని ఎవరో తెలియదటండీ."

"తెలివైనవాడు," అన్నారు భాస్కరం గారు. మళ్ళీ ఆయనే, "ఆయన రాసిన ప్రోగ్రాములో తప్పుంటే? మార్చాలంటే?" అన్నారు.

"నడిపేవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకుని మార్చుకోవాలండి. ఒప్పుకోకపోతే రెండు ముక్కలైపోతారు."

"తప్పుడు మనిషికి డబ్బు పంపేస్తే?"

"అంతే సంగతులండి. వెనక్కి ఇప్పించేవాడు లేడు."

సీతారామలక్ష్మి గారు పెసరట్లు తెచ్చి పెట్టారు. బ్యాంకు కబుర్లు మొదలయ్యాయి. పాపకి ఇంకా రెండో ఏడు నిండలేదు, ఇంతలో ఏజెన్సీ బ్రాంచికి బదిలీ వేసేలా ఉన్నారని శ్రీసుధ వాపోయింది.

"బదిలీలు ఎవరు వేస్తారమ్మా?" అన్నారు భాస్కరం గారు.

"హెడ్డాఫీసేనండి. అన్నీ అక్కణ్ణుంచే. ఇక్కడివాళ్ళ కష్టం వాళ్ళకేం తెలుస్తుంది?"

"అయినా అదృష్టవంతురాలివి. అడగడానికి ఒకళ్ళున్నారు."

"అడిగినా వినరండి."

"వినకపోతే వెళ్ళి తిట్టి రావచ్చు," అన్నారాయన. "అల్లం పచ్చడి వేసుకో."